హైదరాబాద్ లింకు తెగితే గాజువాక నుంచి మధురవాడకు కాల్ కలుస్తుందా?

గాజువాకలో ఉన్న ఒకాయన మధురవాడలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాడనుకుందాం. రెండూ విశాఖలోనే, ఊరికి ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి. కానీ ఆ కాల్ కలపాలా వద్దా, ఏ దారిన పంపాలి అని తేల్చే సర్వర్ ఊళ్లోనే ఉండాలన్న నియమం ఏమీ లేదు. రాష్ట్రం విడిపోయి ఇన్నేళ్లయినా టెలికం లైసెన్సుల లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్, కాబట్టి కోర్ నెట్‌వర్క్‌ను, అంటే ఆ సర్వర్లుండే కేంద్రాన్ని, హైదరాబాద్‌లో పెట్టుకోవడం కంపెనీలకు సహజం. అప్పుడు అన్నదమ్ముల మధ్య కాల్ ముందు ఆరొందల కిలోమీటర్లు వెళ్లి అనుమతి తెచ్చుకోవాలి. మధ్యలో ఫైబర్ తెగితే రెండు టవర్లూ బతికే ఉంటాయి, ఫోన్లలో సిగ్నల్ గీతలు నిండుగా కనపడతాయి, కాల్ మాత్రం కలవదు.

సర్వీస్ ప్రొవైడర్లు కొనే పెద్ద వాయిస్, డేటా గేట్‌వేల గురించి మాట వస్తే ముందు అడిగేది ఎన్ని వేల ఛానళ్లు (ఒకేసారి ఎన్ని కాల్స్), ఎన్ని గిగాబిట్లు అని. అది అడగాల్సిందే. కానీ తుఫాన్లు కొత్త కాని ఊరికి అది మూడో ప్రశ్నో నాలుగో ప్రశ్నో కావాలి, మొదటిది ఈ వ్యాసం పైన పెట్టిన ప్రశ్నే.

ముందు గేట్‌వే చేసే పని చూద్దాం. ఫోన్ మాటకు రెండు లోకాలున్నాయి. పాత లోకంలో మాటను సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లుగా రాస్తారు, అంటే ఒక కాల్‌కు 64 కేబీపీఎస్. అలాంటి 32 గదులను ఒకే తీగలో వరుసగా పేర్చితే ఈ1 అవుతుంది, 2.048 ఎంబీపీఎస్. అందులో సున్నా నంబరు గది రెండు వైపుల లయ కలపడానికి, 16వ నంబరు గది మామూలుగా సిగ్నలింగ్‌కి, అంటే కాల్ కలపడం, ముగించడం లాంటి కబుర్లకు, పోగా 30 గదులు మాటకు మిగులుతాయి. ఆఫీసులకు ‘పీఆర్ఐ లైన్’ అని ఇచ్చేది ఇదే, ఒక పీఆర్ఐ అంటే ఒకేసారి 30 కాల్స్. కొత్త లోకంలో గదులు లేవు, అంతా ప్యాకెట్లు. 20 మిల్లీసెకన్ల మాటను ఒక పొట్లం కట్టి ఐపీ నెట్‌వర్క్‌లోకి వదిలేస్తారు, ప్రతి సెకనుకూ 50 పొట్లాలు పోతాయి, 50 వస్తాయి. ఈ రెండు లోకాల మధ్య గడప మీద కూర్చుని, ఇటువైపు గదుల్లోంచి మాట తీసి అటువైపు పొట్లం కట్టేది, అటునుంచి వచ్చిన పొట్లాలు విప్పి ఇటు గదుల్లో సర్దేది మీడియా గేట్‌వే.

పొట్లం కట్టడంలో ఒక ఖర్చు ఉంది. కోడెక్ అంటే మాటను అంకెలుగా రాసే పద్ధతి. జీ.711 కోడెక్‌లో 20 మిల్లీసెకన్ల మాట 160 బైట్లు, దాని మీద అంటించే చిరునామా చీటీలు, అంటే ఐపీ, యూడీపీ, ఆర్‌టీపీ హెడర్లు, 40 బైట్లు. అందువల్ల 64 కేబీపీఎస్ మాట ఐపీ మీద 80 అవుతుంది. పోనీ మాటను పిండి చిన్నది చేద్దామని జీ.729 వాడితే మాట 8 కేబీపీఎస్‌కి దిగుతుంది, చీటీలు మాత్రం అవే 40 బైట్లు, మొత్తం 24. కొబ్బరి కంటే పీచే ఎక్కువన్నమాట. బ్యాండ్‌విడ్త్ ఎనిమిదో వంతుకు పడిపోతుందని ఆశపడి డిజైన్ చేసినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. పైగా ఆ పిండే పని చేసేది గేట్‌వేలోని డీఎస్పీ చిప్‌లు, కోడెక్ బరువైన కొద్దీ అదే చిప్ మోయగలిగే కాల్స్ తగ్గుతాయి. కరపత్రంలో రాసిన ఛానళ్ల సంఖ్య ఏ కోడెక్ మీద కొలిచారో కనుక్కోకుండా ఆ సంఖ్యకు అర్థం లేదు.

పెద్ద గేట్‌వేలకు ఈ1 తీగలు విడివిడిగా గుచ్చరు, ఎస్‌టీఎం-1 అనే ఆప్టికల్ లింక్ ఇస్తారు. 155.52 ఎంబీపీఎస్ ఉన్న ఆ ఒక్క ఫైబర్ జతలో 63 ఈ1లు పడతాయి, అంటే 1,890 కాల్స్. ఆ కాల్స్ అన్నీ జీ.711లో ఐపీ వైపు దిగితే 151 ఎంబీపీఎస్ పైమాటే, ఒక గిగాబిట్ పోర్టుకు అదేమంత బరువు కాదు. కానీ పొట్లాలు లెక్కపెడితే ఒక్క దిశలోనే సెకనుకు 94,500. డేటా ట్రాఫిక్‌లో వీడియో ప్యాకెట్ సుమారు 1,500 బైట్ల దాకా ఉంటుంది, మాట పొట్లం 200. గిగాబిట్లు చూసి కొన్న రౌటర్ చిన్న ప్యాకెట్ల వర్షంలో తడబడుతుంది, గ్రాఫ్‌లో లింకు సగం కూడా నిండలేదని చూపిస్తుంటుంది, జనం మాత్రం మాట తెగిపోతోందని ఫిర్యాదు చేస్తుంటారు.

మరి అసలు పెద్ద గేట్‌వే ఎందుకు? చిన్నవి పది పెట్టుకోవచ్చు కదా? దీనికి జవాబు వందేళ్ల కిందటి లెక్కలో ఉంది. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఏ.కే. ఎర్లాంగ్ 1917లో ఒక సూత్రం ప్రచురించాడు, ఇన్ని లైన్లుంటే ఇంత ట్రాఫిక్‌కి ఎన్ని కాల్స్‌కు ‘లైన్లన్నీ బిజీ’ అని వస్తుందో అది చెప్తుంది. ఒక లైన్ గంటసేపు నిండుగా వాడితే ఒక ఎర్లాంగ్. నూటికి ఒక్క కాల్ మాత్రమే ఫెయిల్ అవ్వాలనుకుంటే 30 లైన్ల మీద దాదాపు 20 ఎర్లాంగ్‌లే మోయగలం, అంటే మూడో వంతు లైన్లు ఖాళీగా ఉంచుకోవాలి. అదే 100 లైన్లు ఒకే గుంపుగా ఉంటే 84 ఎర్లాంగ్‌లు మోస్తాయి. విడివిడిగా పెట్టుకున్న బానల కన్నా ఒకే పెద్ద చెరువు నయం. ఒక వీధిలో రద్దీ పెరిగినప్పుడు ఇంకో వీధి ఖాళీ లైన్లు దానికి పనికొస్తాయి. పెద్ద గేట్‌వేలకు గిరాకీ రావడానికి గట్టి కారణం ఇదే, కరెంటు బిల్లు, ఏసీ, స్థలం కలిసిరావడం ఆ తర్వాతి సంగతి.

చెరువు తెగితే మాత్రం ఊరంతా మునుగుతుంది. చిన్న గేట్‌వే పోతే 30 కాల్స్ పోతాయి, పెద్దది పోతే పది వేలు ఒకేసారి పోతాయి. అందుకే ఇలాంటి పెట్టెల్లో కంట్రోల్ కార్డు జంటగా, పవర్ సప్లై జంటగా, డీఎస్పీ కార్డులు పదికి ఒకటి అదనంగా పెడతారు. టెలికంలో అందరూ చెప్పుకునే 99.999 శాతం అంటే ఏడాది మొత్తం మీద ఐదు నిమిషాల పైన చిల్లర మాత్రమే ఆగాలి. ఒక్కసారి సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్‌కి రీబూట్ కొడితేనే ఏడాది కోటా అయిపోతుంది. కాల్ తెగకుండా ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకు మారుతుందా, లేక కార్డు మారుతుంది కానీ నడుస్తున్న కాల్స్ అన్నీ రాలిపోతాయా అన్నది డెమోలో కళ్లతో చూడాల్సిన విషయం, కాగితం మీద రెండూ ‘రిడండెన్సీ ఉంది’ అనే మాట కిందికే వస్తాయి.

జనం చవిచూసే ఇబ్బందులు చాలావరకు ఈ గడప దగ్గర పుట్టినవే. ‘అలో, నా మాట ఇనబడతందా? నీది నాకు ఇనబడతంది’ అని ఎంతమంది ఎన్నిసార్లు అని ఉంటారో! ప్యాకెట్ లోకంలో పోయే మాట ఒక దారి, వచ్చే మాట ఇంకో దారి, రెండింటికీ చిరునామాలు వేరు. కాల్ మొదలవ్వకముందు రెండు వైపులా తమ మాట ఎక్కడికి పంపాలో చిరునామాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఒక వైపు పరికరం బయటివాళ్లు చేరలేని లోపలి ఐపీ అడ్రసు ఇచ్చేసినా, దారిలో ఫైర్‌వాల్ ఆ పోర్టు మూసి ఉంచినా, కాల్ కలుస్తుంది, బిల్లు తిరుగుతుంది, మాట ఒక వైపే పోతుంది. గేట్‌వేని పట్టి వెతికేవాళ్లు సిగ్నలింగ్ ట్రేస్ చూసి అంతా బాగానే ఉందంటారు, నిజంగానే సిగ్నలింగ్ బాగానే ఉంటుంది. వెతకాల్సింది మాట పొట్లాలను.

ఇంకోటి ఐవీఆర్. గ్యాస్ బుకింగ్‌కి ఫోన్ చేసి ఒకటి నొక్కితే అవతలి యంత్రానికి రెండుసార్లు ఒకటి నొక్కినట్టు వినపడుతుంది, ‘మీరు నొక్కిన సంఖ్య సరైనది కాదు’ అంటుంది. మీట నొక్కినప్పుడు వచ్చే శబ్దం మాటలో కలిసి పోవచ్చు, లేదా ఆ శబ్దాన్ని తీసేసి ‘ఒకటి నొక్కారు’ అని ప్రత్యేక ప్యాకెట్ పంపొచ్చు. గేట్‌వే ప్రత్యేక ప్యాకెట్ పంపుతూనే మాటలోంచి శబ్దం తీసేయడం మరిచిపోతే అవతల రెండూ అందుతాయి. అదే జీ.729 మీద శబ్దాన్ని మాటలో కలిపి పంపితే ఆ కోడెక్ దాన్ని ఎంతలా వంకర తిప్పుతుందంటే యంత్రం గుర్తే పట్టదు. ఒక్క సెట్టింగ్, పింఛన్ సంగతి కనుక్కోవడానికి ఫోన్ చేసిన పెద్దావిడ మూడుసార్లు ప్రయత్నించి ఫోన్ పెట్టేస్తుంది.

ప్రతిధ్వని కూడా ఇలాంటిదే. పాత లోకంలోనూ ఇంటి ఫోన్ రెండు తీగలు ఎక్స్ఛేంజీలో నాలుగు తీగలయ్యే చోట మాట కొంత వెనక్కి తిరిగేది, కానీ ఆలస్యం లేదు కాబట్టి అది తన సొంత మాటలోనే కలిసిపోయి ఎవరికీ తెలిసేది కాదు. ప్యాకెట్లు కట్టడానికి 20 మిల్లీసెకన్లు, అవి ముందూ వెనకా రాకుండా సర్దే బఫర్‌లో మరికొంత, దారిలో ఇంకొంత, ఇవన్నీ కలిసేసరికి తన గొంతు తనకే వేరుగా వినపడటం మొదలవుతుంది. అందుకే గేట్‌వేలో ప్రతి ఛానల్‌కీ ఎకో క్యాన్సిలర్ ఉండాలి, అన్ని ఛానళ్లూ నిండినప్పుడు కూడా పనిచేయాలి. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకపోతే మాట్లాడేవాళ్లకు ఇబ్బంది ఉండదని అంతర్జాతీయ టెలికం సంస్థ ఐటీయూ ప్రమాణం. ఫైబర్‌లో వెలుగు కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది, అంటే విశాఖ నుంచి హైదరాబాద్‌కు మూడు మిల్లీసెకన్ల చిల్లర. కాబట్టి కోర్ దూరంగా ఉందని మాట నాణ్యతకు వచ్చే నష్టం ఏమీ లేదు. నష్టం వేరే చోట ఉంది.

దానికి వెళ్లేముందు ఇంకో సంఖ్య. ఛానళ్లు ఎన్ని అన్నది ఒకటి, సెకనుకు ఎన్ని కొత్త కాల్స్ తీసుకోగలదు అన్నది ఇంకొకటి. 1,890 ఛానళ్లు నిండి, సగటు కాల్ 100 సెకన్లు ఉంటే సెకనుకు 19 కొత్త కాల్స్ వస్తే చాలు, గంటకు 68,000. మామూలు రోజు ఇంతే. కానీ సముద్రం పొంగిందనో, ఎక్కడో ప్రమాదం జరిగిందనో కబురు వస్తే ఊరు ఊరంతా ఫోన్లు తీస్తుంది, కలవకపోతే వెంటనే మళ్లీ కొడుతుంది. విఫలమైన కాల్ రెండు మూడు సెకన్లే ఉంటుంది, ఛానల్ ఆక్రమించదు, కానీ ప్రాసెసర్ పని మాత్రం పూర్తిగా చేయించుకుంటుంది. ఛానళ్లు ఖాళీగా ఉండగానే కంట్రోల్ కార్డు ఊపిరాడక కూలబడేది ఇలాంటప్పుడే. మంచి గేట్‌వే అప్పుడు కొన్ని కాల్స్‌ను గుమ్మంలోనే మర్యాదగా తిప్పి పంపుతుంది, 100, 108, 112 లాంటి నంబర్లకు మాత్రం దారి విడుస్తుంది. ఈ ఓవర్‌లోడ్ కంట్రోల్ లేని పెట్టె ఎంత పెద్దదైనా టెన్షన్ సమయంలో పనికిరాదు.

కంపెనీల మధ్య గడప కూడా ఇరుకైతే ఏమవుతుందో 2016లో దేశమంతా చూసింది. ఆ ఏడాది సెప్టెంబర్ 5న జియో సేవలు మొదలయ్యాక ఇతర నెట్‌వర్క్‌లకు వెళ్లే కాల్స్ భారీగా ఫెయిల్ అయ్యాయి. ఒక కంపెనీ నెట్‌వర్క్ ఇంకో దానితో కలిసే చోటును పీఓఐ అంటారు, అక్కడ లెక్క ఈ1లలోనే జరిగేది, గొడవంతా ఎన్ని ఈ1లు ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు అన్నదాని మీదే. ఉచిత కాల్స్ వల్ల ట్రాఫిక్ ఒకవైపే ఉప్పెనలా వచ్చిందని పాత కంపెనీలు అన్నాయి. పీఓఐ దగ్గర రద్దీ వల్ల ఫెయిలయ్యే కాల్స్ 0.5 శాతం మించకూడదన్న నిబంధన ఉండటంతో, ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియాల మీద మొత్తం 3,050 కోట్ల రూపాయల జరిమానా వేయాలని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ అదే ఏడాది అక్టోబర్‌లో సిఫార్సు చేసింది. కొత్తగా పుట్టిన నెట్‌వర్క్ మొత్తం ఐపీ, పక్కనున్నవాళ్లు అడిగేది ఈ1, ఆ మధ్యలో నిలబడింది గేట్‌వేలే. నేరుగా ఐపీ మీదే కలిసే చోట్ల మీడియా గేట్‌వే స్థానంలో సెషన్ బోర్డర్ కంట్రోలర్ వస్తుంది, పేరు మారుతుంది కానీ గడప కాపలా పని అదే. అంతర్జాతీయ కాల్స్ దిగే గేట్‌వేల దగ్గర ఆ కాపలా ఎంత అవసరమో 2024 అక్టోబర్‌లో తెలిసింది. విదేశాల నుంచి వస్తూ మన +91 నంబరులా కనపడే మోసపు కాల్స్‌ను ఆపే ఏర్పాటు కేంద్రం మొదలుపెడితే తొలి 24 గంటల్లోనే 1.35 కోట్ల కాల్స్ పట్టుబడ్డాయి.

ఇక విశాఖ విషయం. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ నేరుగా ఊరి మీదే తీరం దాటింది. చెట్లు, స్తంభాలు, టవర్లు, ఎయిర్‌పోర్ట్ పైకప్పు, ఏదీ మిగల్లేదు. కరెంటు రోజుల తరబడి లేదు, జనరేటర్లకు డీజిల్ దొరకలేదు, ఫోన్లు మూగబోయాయి. బయట ఊళ్లలో ఉన్న పిల్లలు తల్లిదండ్రుల గొంతు వినడానికి ఎంత అల్లాడిపోయారో విశాఖలో ఏ ఇంట్లో అడిగినా చెప్తారు. ఆ రోజు టవర్లు పడిపోవడం కంటికి కనిపించిన నష్టం. కనిపించనిది వెనకాల దారి. ఒక టవర్ పోతే ఒక పేట పోతుంది, తుఫాను వేళ ఒకరి టవర్ మీద ఇంకొకరి ఫోన్లు నడిచేలా సర్కిల్ లోపల రోమింగ్ తెరిచినా కొంత గట్టెక్కొచ్చు. ఊరి నుంచి బయటకు వెళ్లే ఫైబర్ పోతే, కాల్ తేల్చే సర్వర్ అవతలి ఒడ్డున ఉంటే, బతికిన టవర్లు కూడా దండగే.

సాంకేతికంగా ఇది ఎలా వచ్చిందంటే, పాత ఎక్స్ఛేంజీలో మెదడు, చేతులు ఒకే గదిలో ఉండేవి. ఊరి ఎక్స్ఛేంజీని బయటి ఊళ్లతో కలిపే ట్రంకు లైన్లు తెగినా ఊళ్లో 0891 నుంచి 0891కి ఫోన్ మోగేది. ఆ తర్వాత మెదడును సాఫ్ట్‌స్విచ్‌గా వేరు చేసి ఒక పెద్ద ఊళ్లో పెట్టి, చేతులను అంటే మీడియా గేట్‌వేలను ఊరూరా పంచారు. వాటిని హెచ్.248 లాంటి ప్రోటోకాల్‌తో దూరం నుంచే ఆడిస్తారు. ఖర్చు తగ్గింది, నిర్వహణ తేలికైంది, మాట ఊళ్లోనే తిరుగుతుంది కాబట్టి బ్యాండ్‌విడ్త్ మిగిలింది. ఇవన్నీ నిజమైన లాభాలే. 4జీ డేటా మీదే కాల్స్ నడిపే వోల్టీ వచ్చాక ఈ పద్ధతి ఇంకా ముదిరింది. కానీ మెదడుతో సంబంధం తెగిన గేట్‌వే ఎన్ని వేల ఛానళ్లదైనా దిక్కుతోచక కూర్చుంటుంది. కొన్ని గేట్‌వేలలో ఇందుకు విరుగుడు ఉంది, కంట్రోలర్ కనపడకపోతే తమంతట తామే లోకల్ కాల్స్ కలిపే ఏర్పాటు. అది లేకపోతే ఊళ్లోనే చిన్నదైనా రెండో కంట్రోలర్ పెట్టాలి. ఇది విడిగా డబ్బు పెట్టి కొనాల్సిన సరుకు, టెండర్లో గట్టిగా అడగకపోతే ఎవరూ ఊరికే ఇవ్వరు.

దారుల సంగతి కూడా అంతే. విశాఖకు తూర్పున సముద్రం, కాబట్టి నేల మీద ఫైబర్‌కు మూడే దిక్కులు: దక్షిణంగా రాజమండ్రి, విజయవాడ వైపు, ఉత్తరంగా శ్రీకాకుళం, భువనేశ్వర్ వైపు, పడమర అరకు మీదుగా కోరాపుట్, రాయపూర్ వైపు. రెండు లింకులున్నాయని కాగితం మీద చూపిస్తారు, తీరా చూస్తే రెండూ జాతీయ రహదారి 16 పక్కనే వెళ్తూ, ఒకే వంతెన మీద గోదావరి దాటుతుంటాయి. అవి రెండు కాదు, ఒకటే. రోడ్డు వెడల్పు చేసే జేసీబీ ఒక్క గుద్దుతో రెండింటినీ తెంపుతుంది, తుఫాను దాకా ఆగక్కర్లేదు. స్తంభాల మీద లాగిన ఫైబర్ త్వరగా వేయొచ్చు, చౌక కూడా, ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగానే పల్లెలకు చేరింది, కానీ గాలి తుఫానుకు మొదట తెగేదీ అదే.

డేటా వైపు కథ దాదాపు ఇదే. ఆర్కే బీచ్‌లో ఒకరు ఫోన్లో వీడియో తెరిస్తే ఆ ప్యాకెట్లు ఇంటర్నెట్‌లోకి అడుగుపెట్టే గేట్‌వే, 4జీలో పీజీడబ్ల్యూ, 5జీలో యూపీఎఫ్, ఎక్కడుంటే అక్కడిదాకా వెళ్లాల్సిందే. వాటికీ రెండు రకాల హద్దులు, ఎన్ని గిగాబిట్లు అన్నది ఒకటి, ఒకేసారి ఎన్ని లక్షల సెషన్లు అన్నది ఇంకొకటి. క్రికెట్ మ్యాచ్ రాత్రి మొదటిది నిండుతుంది, కరెంటు పోయి వచ్చి వేల ఇళ్ల రౌటర్లు ఒక్కసారే లాగిన్ అవుతుంటే రెండోది నిండుతుంది. ఇంకో ఇరుకు కూడా ఉంది, ఐపీవీ4 అడ్రసులు చాలక ఒక్క పబ్లిక్ అడ్రసును పదుల మందికి పంచుతారు. ఒక అడ్రసుకు 65,535 పోర్టులు, 64 మందికి పంచితే తలా వెయ్యి. ఇంట్లో నలుగురు నాలుగు ఫోన్లు, టీవీ, సీసీ కెమెరా నడిపితే ఆ వెయ్యి అయిపోతాయి, అప్పుడు నెట్ ఉన్నట్టే ఉంటుంది, కొన్ని పేజీలు మాత్రం తెరుచుకోవు. 5జీలో యూపీఎఫ్‌ను మెదడు నుంచి విడదీసి ఊళ్లోనే పెట్టే వీలుంది. 2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ ప్రకటించినప్పుడు సముద్రం కింది కేబుళ్లు ఇక్కడే ఒడ్డెక్కుతాయని కూడా చెప్పింది. అది వచ్చాక నాలుగో దిక్కు కూడా తెరుచుకుంటుంది, కానీ ఊరి ఫోన్ల ట్రాఫిక్ ఆ దారి వాడుకోవాలంటే గేట్‌వేలు కూడా ఇక్కడే ఉండాలి, లేకపోతే బీచ్ పక్కన దిగిన కేబుల్‌లోకి వెళ్లడానికి బీచ్ మీది ఫోన్ ముందు హైదరాబాద్ పోయి రావాలి.

గేట్‌వే గది గురించి కూడా ఒక మాట. సముద్రం ఉప్పుగాలికి ఎర్తింగ్ పట్టీల మీద, కనెక్టర్ల మీద పచ్చని చిలుము పడుతుంది, పాతనగరం వైపు పోర్టు దుమ్ము ఏసీ ఫిల్టర్లను నింపేస్తుంది. మైనస్ 48 వోల్టుల బ్యాటరీలు రాసిన గంటలు నిజంగా మోస్తాయో లేదో కరెంటు తీసి చూస్తే తప్ప తెలియదు. వదులైన ఒక్క కనెక్టర్ వల్ల ఈ1 రోజుకు నాలుగుసార్లు ఎర్ర లైటు వేసి మళ్లీ పచ్చగా మారుతుంటుంది, వచ్చినవాళ్లు లూప్ పెట్టి చూసి ‘లింక్ అప్‌లోనే ఉంది’ అని వెళ్లిపోతారు. క్లాక్ సరిగా కలవకపోయినా ఇంతే. రెండు వైపుల గడియారాలకు పది లక్షల్లో ఒక వంతు తేడా ఉంటే చాలు, దాదాపు రెండు నిమిషాలకోసారి ఒక ఫ్రేమ్, అంటే 32 గదుల వరుస ఒకటి, జారుతుంది, మాటలో చిన్న టిక్కుమనే శబ్దం, ఫ్యాక్స్ అయితే తెగిపోతుంది.

కొనేముందు చేయదగిన పరీక్ష ఒకటుంది, దానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. రాత్రి రెండింటికి, ట్రాఫిక్ తక్కువున్నప్పుడు, ముందే చెప్పి, విశాఖ గేట్‌వే నుంచి బయటకు వెళ్లే ఫైబర్లన్నీ ఒక్కొక్కటిగా పీకేయాలి. ఒక ఇంజినీర్ గాజువాకలో, ఇంకొకరు మధురవాడలో ఫోన్లు పట్టుకుని నిలబడాలి. చివరి ఫైబర్ తీశాక మొదటివారు రెండోవారికి డయల్ చేయాలి, ఆ తర్వాత 112కి డయల్ చేయాలి. ఎన్ని సెకన్లకు మోగిందో, అసలు మోగిందో లేదో, కాగితం మీద రాసి టెండర్ ఫైల్‌కి జత చేయాలి. ఆ పని అక్టోబర్ గాలులు మొదలవ్వకముందే, ప్రతి ఏడాదీ జరగాలి.